64 కోర్లు ఇచ్చినా జాబ్ ఎందుకు కదలట్లే?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఊరు, హైదరాబాద్‌ల పీహెచ్‌డీ చేస్తున్న. పాత నల్గొండ, పాలమూరు జిల్లాల చెరువులు, కుంటలల్ల మిషన్ కాకతీయకు ముందు నీళ్లు ఎంత మేర నిలిచేవి, తర్వాత ఎంత అని శాటిలైట్ ఫొటోల నుంచి తీస్తున్న. ఒక్కో చెరువుకు ఒక్కో తారీఖుకు ముక్కలు కట్ చేసి పెట్టుకుంటే 8 లక్షల ఫైళ్లు అయినయి, ఒక్కోటి 60 కేబీ దాకా ఉంటది. క్లస్టర్‌ల, అంటే చానా కంప్యూటర్లు కలిపి ఒక్కటిగ వాడే మెషీన్‌ల, 64 కోర్లు (లెక్కలు చేసే ప్రాసెసర్ భాగాలు) అడిగి జాబ్ వేస్తే నా లాప్‌టాప్ కంటే మెల్లగ నడిచింది, పైగా నీ జాబ్‌తోని అందరికీ ఫోల్డర్లు కూడ తెరుచుకుంటలేవని అడ్మిన్ ఫోన్ చేసిండు. ఇంకా ఎక్కువ కోర్లు అడగాల్నా?

జవాబు: వద్దు తమ్మీ, కోర్లు పెంచితే ఇంకా ఆగమైతది. లెక్క చూడు, 8 లక్షలను 60 కేబీతోని గుణిస్తే 48 జీబీ, అంటే ఒక పెన్‌డ్రైవ్‌ల పట్టే డేటా. బరువు డేటాది కాదు, ఫైళ్ల సంఖ్యది.

మిర్యాలగూడ దిక్కు కోతలప్పుడు వడ్ల కొనుగోలు సెంటర్ చూసే ఉంటవు. హమాలీలు 64 మంది ఉన్నరనుకో, కాంటా ఒక్కటే, చిట్టీ రాసెటాయన ఒక్కడే. బస్తాలు తెస్తే పని సాగుతది, అదే ఒక్కో హమాలీ దోసెడు దోసెడు వడ్లు తెచ్చి దీనికి వేరే చిట్టీ రాయి అంటే లైన్ రోడ్డు దాకా పోతది, వెనకొచ్చిన రైతు కూడ ఆగిపోతడు. క్లస్టర్లల్ల ఎక్కువగ వాడే లస్టర్ ఫైల్ సిస్టంల జరిగేది ఇదే. ఫైల్ పేరు, పర్మిషన్లు, అది ఏ డిస్కుల ఉంది అని చెప్పేది మెటాడేటా సర్వర్, అసలు డేటా ఇచ్చేవి వేరే సర్వర్లు. నీ 64 కోర్లు ఒకేసారి లక్షల ఫైళ్లు తెరవమని ఆ మెటాడేటా సర్వర్ మీద పడ్డయి, డేటా ఇచ్చే సర్వర్లు మాత్రం ఖాళీగ కూసున్నయి.

కాబట్టి బస్తాలు కట్టు. మండలానికి, సంవత్సరానికి ఒకటి చొప్పున హెచ్‌డీఎఫ్5 గాని నెట్‌సీడీఎఫ్ గాని (చానా ముక్కలను ఒకే ఫైల్‌ల పెట్టే పద్ధతులు) ఫైళ్లు చేసుకుంటే కొన్ని వందలల్ల అయిపోతది. ఇప్పటికిప్పుడు కోడ్ మార్చే టైం లేకుంటే, ముక్కలన్నీ టార్ ఫైళ్లల్ల (జిప్ లెక్క మూటలు) కట్టేసి, జాబ్ మొదలుగాంగనే కంప్యూట్ నోడ్‌ల, అంటే నీ జాబ్ నడిచే కంప్యూటర్‌ల, ఉండే లోకల్ ఎస్ఎస్‌డీ మీదికి కాపీ చేసి అక్కడనే విప్పుకో, పని అంతా అక్కడనే కానియ్యి, ఫలితం ఒక్కటే కాపీ చేసి తెచ్చుకో. రాసేటప్పుడు కూడ ఇదే జాగ్రత్త, ఒక్కో కోరు ఒక్కో ఫైల్‌ల రాయాలె గని చెరువుకొక సీఎస్‌వీ పుట్టించొద్దు.

ఇది చేసినంక కూడ ఒకేసారి 64 అడగకు. ఓ 2,000 ముక్కలతోని 1, 4, 16 కోర్ల మీద నడిపి టైం రాసుకో. 1967ల కంప్యూటర్ ఇంజనీర్ జీన్ అమ్డాల్ చెప్పిన సంగతి ఇక్కడ పనికొస్తది: 100 నిమిషాల పనిల 20 నిమిషాలు పంచుకోరానిది ఉంటే ఎన్ని వేల కోర్లు పెట్టినా ఆ 20 నిమిషాలు తగ్గవు, అంటే 5 రెట్ల కంటే ఎక్కువ స్పీడు రాదు. టైం ఎంత పడ్తదో తెలిస్తే స్లర్మ్‌ల (క్లస్టర్‌ల జాబులకు లైన్ కట్టి కోర్లు పంచే సాఫ్ట్‌వేర్) కూడ అంతే అడగొచ్చు, తక్కువ టైం అడిగిన జాబ్ పెద్ద జాబుల నడుమ సందుల్ల దూరి జల్ది మొదలయ్యే అవకాశం ఉంటది.

ఇంకొకటి, నువ్వు అడగలే గని చెప్పకుంటే నాకు మనసొప్పదు. సెంటినెల్-2 మొదటి శాటిలైట్ ఎగిరిందే 2015 జూన్‌ల, మిషన్ కాకతీయ మొదలైంది కూడ ఆ ఏడాదే. ముందు సంగతి కావాలంటే అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ లాంటి పాత శాటిలైట్లే దిక్కు, ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, అంటే ఎకరం జాగల నాలుగైదు పిక్సెళ్లు, సెంటినెల్‌ల అదే ఎకరానికి 40 వస్తయి. ముందుది ల్యాండ్‌శాట్‌తోని, తర్వాతది సెంటినెల్‌తోని కొలిస్తే చిన్న కుంటలల్ల నీళ్లు పెరిగినట్టు ఊరికెనే కనబడొచ్చు. రెండు కాలాలకూ ల్యాండ్‌శాటే వాడు, రెండెకరాల లోపు కుంటలను పక్కకు పెట్టు. మన ఊర్ల నీళ్ల లెక్క ఇది, తప్పు పోతే బాధైతది.

ఆఖరుకు, స్క్రాచ్ డైరెక్టరీల (పని నడిచేదాకా వాడుకునే తాత్కాలిక జాగ) ఫలితాలు ఉంచకు. చానా క్లస్టర్లల్ల కొన్ని దినాలు ముట్టుకోని ఫైళ్లు వాటంతటవే పోతయి, బ్యాకప్ ఉండదు. నేను చదువుకునే రోజులల్ల మూడు నెలల పని అట్లనే పోగొట్టుకున్న.

ప్రశ్న: నేను వనపర్తిల డిగ్రీ చదువుతున్న సార్, సూపర్ కంప్యూటర్ పని నేర్చుకోవాలని ఉంది, ఇంట్ల 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ తప్ప ఏం లేదు.

జవాబు: అది చాలు చెల్లె. 2017 నవంబర్ నుంచి ప్రపంచంల పెద్ద సూపర్ కంప్యూటర్ల టాప్500 లిస్టుల 500కు 500 మెషీన్లు లినక్స్ (విండోస్ లెక్క ఉచిత ఆపరేటింగ్ సిస్టం) మీదనే నడుస్తున్నయి, కంది ఐఐటీల ఉన్న 838 టెరాఫ్లాప్స్ (సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు) సూపర్ కంప్యూటర్ పరమ్ సేవ ముందట కూసున్నా నువ్వు కొట్టేది అవే లినక్స్ కమాండ్లు. విండోస్ ఉంటే విండోస్ లోపలనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌తోని ఉబుంటు అనే లినక్స్ వేసుకో, స్లర్మ్ ఉచితమే, ఒక్క లాప్‌టాప్ మీద కూడ పెట్టుకొని జాబ్ వేయడం నేర్వొచ్చు. తర్వాత ర్యామ్ కంటే పెద్ద డేటా పట్టుకో, 20 జీబీ సీఎస్‌వీని ఎక్సెల్‌ల తెరవాలని చూడకుండ డక్‌డీబీ అనే ఉచిత డేటాబేస్‌తోని పార్కే ఫైల్‌గ (కాలమ్‌ల వారీగ దాచే పద్ధతి) మార్చి, కావాల్సిన రెండు కాలమ్‌లే చదివి చూడు. అదే పనికి సీఎస్‌వీల ఎంత, పార్కేల ఎంత టైం పట్టిందో రాసి పంపియ్యి, వచ్చే సంచికల దాని మీదనే మాట్లాడుకుందాం.