‘అభినందన’ అంటే అసలు అర్థం ఏమిటి? సాహిత్యంలో ఎలా వాడారు?

ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట. ‘నంద్’ ధాతువుకు సంతోషించడం అని అర్థం. ఆనందం కూడా అందులోంచి పుట్టిందే. ముందున్న ‘అభి’ ఆ సంతోషాన్ని ఎదుటివారి వైపు తిప్పుతుంది. వాళ్ల గెలుపు చూసి మన మనసు నిండాలి, అప్పుడే అది అభినందన. ఈ మాటలో నాకు బాగా నచ్చేది ఇదే.

భగవద్గీత రెండో అధ్యాయం 57వ శ్లోకంలో స్థితప్రజ్ఞుడి గురించి ‘నాభినందతి న ద్వేష్టి’ అని ఉంది. మంచి జరిగితే పొంగిపోడు, చెడు జరిగితే ద్వేషించడు అని. పొగడ్త ఊసే లేని పాత అర్థం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగులో సన్మాన సభల అభినందన పద్యాలు, పండితుల గౌరవార్థం వేసే అభినందన సంచికలు మామూలే.

చాలామంది దీన్ని ‘అభివందనం’తో కలిపేస్తారు. అది ‘వంద్’ నుంచి వచ్చింది, నమస్కారం అని అర్థం. పరీక్ష పాసైన తమ్ముడికి అభినందనలు, చదువు చెప్పిన గురువుగారికి అభివందనాలు.