సమాధానం: 57కే మోకీలు మార్పిడి తొందరా?
తమ్ముడూ, మీ అమ్మగారికి 57 ఏళ్ళే కదా, ఇప్పుడే చేయిస్తే మళ్ళీ అరిగిపోద్దేమో, 65 దాకా ఆగుదామా అని అడిగావు. ఒకప్పుడు డాక్టర్లు కూడా అలాగే ఆపేవారు, ఇప్పుడు 50ల్లోనే చేయించుకునేవాళ్ళు బాగా పెరిగారు, ఎందుకంటే ఇంప్లాంట్లు, అంటే లోపల పెట్టే కృత్రిమ కీళ్ళు, చాలామందికి 20 ఏళ్ళు, అంతకంటే ఎక్కువే వస్తున్నాయి. చిన్న వయసు కాబట్టి రెండోసారి మార్చాల్సిన అవకాశం కొంచెం ఎక్కువ, అది మాత్రం నిజం.

మా అమ్మది పలాస, ఏళ్ళ తరబడి పీట మీద కూర్చుని జీడిపిక్కలు కొట్టింది, చివరికి గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయేది, రాత్రి నొప్పికి నిద్ర లేదు. అయినా వాయిదా వేశాం, కాలు వంకర తిరిగిపోయింది, తొడ కండ తగ్గిపోయింది, దాంతో ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి మిగతావాళ్ళకంటే టైం పట్టింది. అక్కడే తప్పు చేశాం.

అలాగని ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆపరేషన్‌కి పరిగెత్తకు. ముందు బరువు తగ్గడం, ఫిజియోథెరపీ చూడండి, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి నొక్కే ఎక్సర్‌సైజ్ రోజూ చేయించు. నడక, నిద్ర రెండూ పోతే ఇక ఆగొద్దు, షుగర్ ఉంటే ముందు కంట్రోల్ చేయించు. ఇప్పుడు మర్నాడే వాకర్‌తో నడిపిస్తున్నారులే, భయం లేదు, కానీ కింద బాసింపట్టు వేసుకోవడం మర్చిపోవాలి. 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ రేట్లకి సీలింగ్, అంటే గరిష్ఠ ధర, పెట్టింది, బిల్లులో ఇంప్లాంట్ రేటు విడిగా చూపించమని అడుగు.