బండి సందేహాలు: ముందు టైరు కొలత, ఆ తర్వాతే లిఫ్ట్

ప్రశ్న: మాది 245/75 ఆర్16 టైర్లున్న కొత్త మోడల్ థార్. వానలు పడితే పొలం డొంకలో ట్రాక్టరు గాళ్ల మధ్య గట్టుకు వెనక అడుగుభాగం పట్టేసి ఆగిపోతోంది. పొడుగు స్ప్రింగులతో బాడీని నాలుగంగుళాలు పైకి లేపే లిఫ్ట్ వేసి 33 అంగుళాల టైర్లు పెట్టమంటున్నారు. పెట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, తాడికొండ

జవాబు: పెట్టించకండి. వెనక గట్టుకు ముందుగా తగిలేది ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్, మెకానిక్కులు క్రౌన్ అంటారే, అదే. థార్‌కు వెనక ఒకే గట్టి ఇరుసు. స్ప్రింగు ఎంత పెంచినా లేచేది బాడీయే, ఇరుసు ఎక్కడిదక్కడే ఉంటుంది. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే.

లెక్క చూడండి. 245 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 75 అంటే ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో. 245లో 75 శాతం 183.75 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 367.5. దానికి 16 అంగుళాల రిమ్ము 406.4 కలిపితే టైరు వ్యాసం సుమారు 774. అదే 265/75 ఆర్16కు 804 వస్తుంది, అంటే ఇరుసు 15 మిల్లీమీటర్లు లేస్తుంది. 33 అంగుళాలంటే 838, లేచేది 32. ఆ పైన వచ్చే 17 మిల్లీమీటర్ల కోసం అసలు టైరుతో పోలిస్తే గేరింగు ఎనిమిది శాతం పైగా బరువెక్కుతుంది, అంటే చక్రం తిప్పడానికి ఇంజిను మరింత కష్టపడాలి. బురదలో క్లచ్ కాలుతుంది, బ్రేకు పట్టడానికి దూరం పెరుగుతుంది.

నాలుగంగుళాల లిఫ్ట్ దెబ్బ ముందువైపు ఇంకా గట్టిగా తగులుతుంది. అక్కడుండేది ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ కనుక బాడీ లేచేకొద్దీ చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు వాలుతాయి. షాఫ్టు వంగే చోట ఉండే సీవీ జాయింటు రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. రిమ్ము లోపలివైపు గ్రీజు చిమ్మిన చారలు కనిపిస్తే అదే గుర్తు. ఆ చిరుగులోంచి రేగడి బురద పోయిందంటే కొన్నాళ్లకే మలుపుల్లో టిక్ టిక్ మొదలవుతుంది, జాయింటు మార్చాల్సిందే.

మీకు 265/75 ఆర్16, ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం లిఫ్ట్ చాలు. ఆ లిఫ్ట్ కూడా టైరు తిరగడానికి చోటు కోసమే. అయిదు టైర్లూ ఒకేసారి కొనకండి. ఒక్కటి ముందు చక్రానికి బిగించి, ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌కు సుద్ద పూయండి. ఆ చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పండి. సుద్ద చెరిగిన చోటే టైరు రాస్తోంది. రెండో వైపూ ఇలాగే చూశాకే మిగతావి తీసుకోండి. స్టెప్నీతో సహా అయిదూ ఒకే కొలతవి కావాలి, సైజు తేడా ఉన్న టైర్లతో ఫోర్ వీల్ వేస్తే ముందు వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. లిఫ్ట్ అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి. మీటరు 100 చూపితే అసలు వేగం దాదాపు 104 అని గుర్తుంచుకోండి.

నల్లరేగడిలో సైజుకన్నా ట్రెడ్, అంటే టైరు మీది గాళ్ల అచ్చు, ముఖ్యం. గాళ్లు దగ్గరదగ్గరగా ఉన్న టైరు రెండు చుట్లకే మట్టి పట్టి నున్నగా అవుతుంది. మడ్ టైరు మట్టిని విసిరేస్తుంది, కాకపోతే తారురోడ్డు మీద మోత భరించాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు హద్దు పెడుతుంది. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలోనూ బీమా వారి దగ్గరా అడగండి.

ప్రశ్న: జిమ్నీకి రెండంగుళాల లిఫ్ట్ వేయించాను. గుంటూరు హైవే మీద 80 దాటితే బండి తేలుతున్నట్టుంది, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం లేదు. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: క్యాస్టర్ తగ్గింది. స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణమే క్యాస్టర్, స్టీరింగును తిరిగి తిన్నగా చేసేది అదే. జిమ్నీ ముందు ఇరుసు కూడా గట్టిదే. స్ప్రింగు పొడుగైతే ఇరుసు ముందుకు ఒరిగి ఆ కోణం పడిపోతుంది. అలైన్‌మెంట్‌లో సరిచేయగలిగేది టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, ఒక్కటే, కాబట్టి ఎన్నిసార్లు చేయించినా ఇంతే. ముందు ఇరుసును పట్టుకునే ఆర్ముల్లో క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు వేయించండి. వీటిని ప్రెస్సు మీద ఎక్కించాలి, ఆటోనగర్‌లో ఆ పని చేస్తారు. బుష్ తలకిందులైతే క్యాస్టర్ ఇంకా తగ్గుతుంది, బిగించే ముందు గుర్తు ఎటుందో దగ్గరుండి చూసుకోండి. స్టీరింగ్ డ్యాంపర్ అమ్మజూపితే తీసుకోకండి, అది వణుకును కప్పిపెడుతుందే గాని కోణాన్ని మార్చదు.

పనిలో పనిగా టైరు అంచునుంచి ఫెండర్ దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. తేడా ఉంటే పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కలకు జరగకుండా పట్టుకునే కడ్డీ) ఇరుసును పక్కకు లాగిందన్నమాట, అడ్జస్ట్ చేసుకునే రాడ్ వేయించాలి. జాకీ పెట్టి ఇరుసు పూర్తిగా వేలాడేలా లేపినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటుంటే పొడుగుది మార్చేదాకా బండిని గతుకుల్లోకి తీసుకెళ్లకండి.