రోగమా, వయసా, తల కదలికా?

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన మెదడు ఎంఆర్ఐ లెక్కలు రాత్రి రెండుసార్లు చూశాను. రోగుల్లో కార్టెక్స్, అంటే మెదడు పైపొర, పలచబడిందని గట్టి ఫలితమే వచ్చింది. కానీ నేను వయసు కాలమ్ దగ్గరే ఆగిపోయాను. రోగులందరూ 60 దాటినవాళ్లు, ఆరోగ్యవంతులేమో 25 లోపు విద్యార్థులు. ఏ రోగం లేకపోయినా వయసుతో పాటు కార్టెక్స్ పలచబడుతుంది. మరి నువ్వు చూపిస్తున్నది రోగాన్నా, వయసునా?

వయసును కోవేరియేట్‌గా, అంటే దాని ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసే అంశంగా, వేశాను కదా మామా అంటావు. పాపా, అలిపిరి నుంచి కుర్రవాళ్లనే, శ్రీవారి మెట్టు నుంచి పెద్దవాళ్లనే కొండ ఎక్కించి, ఎవరికెంతసేపు పట్టిందో రాసుకున్నామనుకో. అటు 3,550 మెట్లు, ఇటు 2,388. ఆ తేడాలో దారి వాటా ఎంత, వయసు వాటా ఎంత అన్నది ఏ రిగ్రెషన్ లెక్కా నమ్మకంగా విడదీయలేదు. రెండు దారుల్లోనూ రెండు వయసులవాళ్లూ ఉంటేనే లెక్కకు పట్టు దొరుకుతుంది. అందుకే నీ పని ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో లేదు. రోగుల వెంట వచ్చే భార్యాభర్తల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఉంటారు. మీ గైడ్‌తో మాట్లాడి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని వాళ్లను అడుగు.

తల కదలికను మాత్రం తేలిగ్గా తీసుకోకు. పోయినేడాది నా నడుముకు ఎంఆర్ఐ తీసినప్పుడు, ఆ టకటక మోతలో దగ్గు ఆపుకోవడానికే నానా తంటాలు పడ్డాను. పెద్దవాళ్లు, రోగులు ఎక్కువ కదులుతారు. తల కదిలితే కార్టెక్స్ ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. ఏ పనీ చెప్పకుండా ఊరికే పడుకోబెట్టి మెదడు పనితీరును చూసే రెస్టింగ్ ఎఫ్ఎంఆర్ఐలో అయితే మిల్లీమీటరు కూడా లేని కదలికే మెదడులో దగ్గరి భాగాల మధ్య కనెక్టివిటీని, అంటే అవి కలిసి పనిచేసే తీరును, పెంచి, దూరపు భాగాల మధ్య తగ్గించి చూపిస్తుందని 2012లోనే పేపర్లు వచ్చాయి. కాబట్టి రెండు గుంపుల కదలిక సగటులు పక్కపక్కన రాసి చూడు. స్కాన్లను కూడా ఒక్కొక్కటిగా తెరిచి కళ్లతో చూడు, ఎంత విసుగైనా సరే.

అలాగని భయపడి దొరికిన ప్రతిదాన్నీ మోడల్‌లో వేయొద్దు. జ్ఞాపకశక్తి స్కోరు తగ్గింది రోగం వల్లే. దాన్ని కోవేరియేట్‌గా వేస్తే నువ్వు వెతుకుతున్న తేడానే చాలావరకు తుడిచిపెట్టేస్తావు. వయసు, ఆడా మగా, పుర్రె లోపలి ఘనపరిమాణం, స్కానర్... ఒక్కోదానికీ అది ఎందుకు కావాలో ఒక వాక్యం రాయి. రాయలేకపోతే తీసెయ్. ఆ జాబితా కూడా ఫలితం చూడకముందే ఖాయం చేసుకో.

మెషిన్ లెర్నింగ్ సంగతి తర్వాత. ఒక్కటి గుర్తుంచుకో, వయసు లాంటివాటి ప్రభావం తీసేసే ఈ సవరణలను మోడల్ నేర్చుకునే ట్రైనింగ్ డేటా మీదే నేర్చుకుని, దాన్ని పరీక్షించడానికి పక్కన పెట్టిన టెస్ట్ డేటాకు అవే వాడాలి.

ఆదివారం ఇంటికి రా. రెండు గుంపుల వయసులూ ఒకే గ్రాఫ్ మీద గీసి తీసుకురా. అది చూశాకే మోడల్ గురించి మాట్లాడుకుందాం.

మీ మామ