పాఠకుల ప్రశ్నలు: ఇంట్లో చేసుకున్న సీరమ్ ఎందుకు చెడిపోయింది?

ప్రశ్న: విటమిన్ సి చప్పరించే మాత్రలు (ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాములు) నాలుగు పొడి చేసి, 50 మిల్లీలీటర్ల రోజ్‌వాటర్‌లో కలిపి వడగట్టి, రాత్రిపూట ముఖానికి రాసుకుంటున్నాను. నిల్వ ఉంటుందని ఎవరో చెబితే విటమిన్ ఇ క్యాప్సూల్ కూడా పిండాను. పది రోజులకే ద్రవం ఇటుక రంగుకు మారింది, మూత లోపల తెల్లటి నూగు కనిపించింది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా ఆ సీసాను పారబోయండి, పైన తేలినది తీసేసి మిగిలింది వాడుకుందామని దయచేసి అనుకోవద్దు. మీ సీసాలో రెండు వేర్వేరు నష్టాలు జరిగాయి. రంగు ముదరడానికి కారణం గాలి. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, నీటిలో కరిగిన క్షణం నుంచే ఆక్సిజన్‌తో కలిసి క్షీణిస్తూ ఉంటుంది. వెలుతురు, వేడి తగిలితే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. పైగా అది చర్మంలోకి ఇంకాలంటే ద్రావణం పీహెచ్ (పులుపును తెలిపే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కంటే తక్కువ ఉండాలి. చప్పరించే మాత్రల్లో పుల్లదనం తగ్గించడానికి సాధారణంగా సోడియం ఆస్కార్బేట్ (విటమిన్ సి యొక్క పులుపు లేని లవణం) కలుపుతారు, దాంతో పీహెచ్ పెరుగుతుంది, చక్కెర, రంగు, సువాసన కూడా ఉంటాయి. కాబట్టి మీరు లెక్క ప్రకారం 4 శాతం ద్రావణమే చేసినా, చర్మానికి అందింది చాలా తక్కువ.

రెండవది బూజు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇళ్లు మనవి. ఆ జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది. నీరు లేని నూనె లేపనాలు నెలల తరబడి నిలుస్తాయి గాని, నీరు చేరిన ప్రతి క్రీముకూ, ప్రతి ఎసెన్సుకూ (నీళ్లలా పల్చగా ఉండే సీరమ్) నిల్వకారి, అంటే సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం, తప్పనిసరి. విటమిన్ ఇ ఆ పని చేయదు. అది నూనె కారువాసన పట్టకుండా ఆపుతుందే తప్ప సూక్ష్మజీవులను ఆపలేదు. మీ సీసాలో నీటిమీద తేలి ఊరుకుంది. మొక్క నుంచి తీసిన కలబంద గుజ్జు కలిపితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది, ఎందుకంటే అది సూక్ష్మజీవులకు చక్కటి ఆహారం.

ఇంట్లో మొదటిసారి చేసుకునేవారికి నేను విటమిన్ సి కంటే నియాసినమైడ్‌నే (విటమిన్ బి3లో ఒక రూపం) సూచిస్తాను. ఇది నీటిలో సులువుగా కరుగుతుంది, రంగు మారదు, పీహెచ్ 5 నుంచి 7 మధ్య నిలకడగా ఉంటుంది. 50 గ్రాముల ఎసెన్సుకు నియాసినమైడ్ 2 గ్రాములు, గ్లిజరిన్ 2.5 గ్రాములు, నిల్వకారి (ఫినాక్సీ ఇథనాల్, ఇథైల్‌హెక్సైల్ గ్లిజరిన్ కలిసినది) అర గ్రాము, డిస్టిల్డ్ వాటర్ 45 గ్రాములు సరిపోతాయి. ముందు నిల్వకారిని గ్లిజరిన్‌లో కలిపి, నియాసినమైడ్ కరిగిన నీటిని అందులో కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. చెంచా కొలతలు పనికిరావు, 0.01 గ్రాము వరకు చూపే చిన్న కాటా కొనండి. పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ నీళ్లు ముఖానికి వాడకూడదు. నిమ్మరసం మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు: బాగా పుల్లటి ద్రావణంలో నియాసినమైడ్ క్రమేణా నికోటినిక్ ఆమ్లంగా మారి ముఖం ఎర్రబడేలా చేస్తుంది, నిమ్మజాతి రసం తగిలిన చర్మం ఎండలో కమిలి మచ్చలు పడవచ్చు. తయారైన ఎసెన్సును ముందు మోచేతి లోపలి వైపు కొన్ని రోజులు రాసి చూడండి.

ప్రశ్న: కొబ్బరినూనె, తేనెమైనం, రోజ్‌వాటర్ కలిపి క్రీము చేస్తే రెండు రోజులకు నీరు విడిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తేనెమైనం చిక్కదనం ఇస్తుంది గాని, ఒక్కటే నూనెనూ నీటినీ కలిపి పట్టి ఉంచలేదు. అందుకు ఎమల్సిఫైయింగ్ వాక్స్ కావాలి. దాన్ని నూనెలో వేసి, నీటిని వేరే గిన్నెలో ఉంచి, రెండింటినీ 70 నుంచి 75 డిగ్రీల వరకు వేడి చేసి కలిపి, చల్లారేదాకా తిప్పుతూనే ఉండండి. వేడికి తట్టుకోని పదార్థాలనూ, నిల్వకారినీ 40 డిగ్రీల లోపుకు దిగాకే కలపాలి.

ప్రశ్న: మా అక్క ఇంట్లో చేసిన క్రీములో, తెల్లబడతానని మందుల దుకాణం నుంచి తెచ్చిన బీటామెథసోన్ ఆయింట్‌మెంట్ కలుపుతోంది. ఆరు నెలలైంది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ప్రమాదమే. అది స్టెరాయిడ్. మొదట్లో ముఖం తేటపడినట్టు కనిపించినా, నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, సన్నటి ఎర్రటి రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు వస్తాయి, నూగు వెంట్రుకలు మొలుస్తాయి. ఒక్కసారిగా ఆపితే ముఖం మండి ఎర్రబడుతుంది, ఆ బాధకు తాళలేక మళ్లీ అదే రాస్తారు. ఇన్నాళ్లు వాడారు కాబట్టి ఎలా మానాలో చర్మవైద్యులే చెప్పాలి. మీ అక్కగారిని ఈ వారంలోనే తీసుకెళ్లండి, ఆ ట్యూబునూ, ఆ క్రీము డబ్బానూ వెంట పట్టుకెళ్లండి.