ఇంటి ముందు రోడ్డు మనదేనా?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో 150 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం. ముందు 30 అడుగుల రోడ్డు. ఎదురింట్లో అద్దెకుండే అతను తన క్యాబ్‌ని రోజూ మా గోడ వారగా పెడతాడు, ఒక్కోసారి గేటుకి అడ్డంగా కూడా. ఊరెళ్తే రెండు మూడు రోజులు అక్కడే ఉంటుంది. విసిగిపోయి గోడ పొడవునా రాళ్ళు, పూలకుండీలు పెట్టాం. కాలనీ సంఘం వాళ్ళు ‘నో పార్కింగ్’ బోర్డు కూడా తగిలించారు. అయినా కుండీలు జరిపి మరీ బండి పెడుతున్నాడు. ప్లాన్‌లో పార్కింగ్‌గా చూపించిన చోట షట్టర్ వేసి టైలర్‌కి అద్దెకిచ్చాం, అందుకని మా కారూ బయటే పెట్టుకోవాలి. మా ఇంటి ముందు స్థలం మీద మాకు హక్కు లేదా? మా అబ్బాయి ఆ బండి టైర్లు కోసేస్తానంటున్నాడు, అదో టెన్షన్.

జవాబు: ముందు మీ అబ్బాయిని ఆపండి. ఇంకొకరి వస్తువును పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 కింద నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. న్యాయం మీ వైపు ఉన్న కేసులో ముద్దాయిగా నిలబడాల్సి వస్తుంది.

ఇక రోడ్డు సంగతి. మీ హక్కు మీ ప్రహరీ గోడతో ఆగిపోతుంది. లేఅవుట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడే రోడ్లను స్థానిక సంస్థకు అప్పగిస్తారు, ఆ తర్వాత అవి అందరివీ. గోడ అవతల పది అడుగులు మీవి కావు, ఎదురింటాయనవీ కావు. అయితే రోడ్డు పక్కన ఇల్లున్న వాళ్ళకి చట్టం ఒక హక్కు ఇస్తుంది: ఇంట్లోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి ఇంట్లోకి అడ్డులేకుండా రావడం. అంటే గేటు ముందు బండి పెట్టకూడదు. 2017 డ్రైవింగ్ నిబంధనలు కూడా ఇళ్ళ గేట్లకి అడ్డంగా పార్క్ చేయొద్దంటాయి. ఫుట్‌పాత్ మీదా పెట్టకూడదు.

గోడ వారగా పెట్టినప్పుడు మాత్రం మీ వాదన బలహీనం. అక్కడ నిషేధం లేకపోతే, రాకపోకలకి ఇబ్బంది లేకపోతే, వేరొకరు బండి ఆపడం తప్పు కాదు. కాలనీ సంఘం బోర్డుకి చట్టపరంగా విలువ లేదు. బండ్లు ఎక్కడ ఆపొచ్చో నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 117 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది నియమించిన అధికారిది. అదీ స్థానిక సంస్థతో సంప్రదించాకే. సంఘం సెక్రటరీ గారికి ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు.

కానీ ఆపడం వేరు, రోజుల తరబడి వదిలేసి పోవడం వేరు. అదే చట్టం సెక్షన్ 127 ప్రకారం పబ్లిక్ స్థలంలో పది గంటలు, అంతకు మించి గమనించే దిక్కు లేకుండా వదిలేసిన బండిని టోయింగ్ చేయించడానికో, చక్రానికి క్లాంప్ (బండి కదలకుండా వేసే తాళం) వేయించడానికో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఆదేశించవచ్చు. టోయింగ్ ఖర్చు బండి యజమానిదే. ఊరెళ్ళి వదిలేసిన క్యాబ్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది. గేటు, బండి నంబరు ఒకే ఫ్రేములో పడేలా తేదీ, టైం వచ్చే ఫొటోలు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి తీసుకుని మీ పరిధిలోని ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. గేటుకి అడ్డంగా ఉండి అప్పటికప్పుడు బయటికి వెళ్ళాల్సి వస్తే 112కి ఫోన్ చేయండి. శాశ్వత ఇంజంక్షన్ (ఇక అలా చేయకూడదని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) కోసం సివిల్ కోర్టుకీ వెళ్ళొచ్చు కానీ, నేనైతే సలహా ఇవ్వను. వాయిదాలు పూర్తయ్యేలోపు ఆ అద్దెకున్నాయన ఇల్లు మారిపోతాడు! దానికంటే ఇంటి ఓనర్‌తో ఒకసారి మాట్లాడి చూడండి.

ఇప్పుడు మీకు నచ్చని భాగం. దారికి అడ్డంకి కలిగిస్తే న్యాయ సంహిత సెక్షన్ 285 కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. అది క్యాబ్‌కే కాదు, మీ రాళ్ళకీ వర్తిస్తుంది. రాత్రి పూట ఎవరైనా బైకుతో ఆ రాయిని గుద్దుకుంటే పరిహారం మీ మెడకి చుట్టుకోవచ్చు. జీహెచ్‌ఎంసీ చట్టం ప్రకారం రోడ్డు మీది ఆటంకాలను కమిషనర్ నోటీసు కూడా ఇవ్వకుండా తీయించవచ్చు. మీ ర్యాంపు గోడ దాటి రోడ్డు మీదికి వచ్చి ఉంటే అదీ ఆక్రమణే. ఇలాంటి తగాదాల్లో అవతలి వాళ్ళు మొదట వేలెత్తి చూపించేది ర్యాంపునే.

షట్టర్ అంతకంటే పెద్ద చిక్కు. మంజూరైన ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోటును వేరే పనికి వాడితే తొలగించే అధికారం 2012 నాటి భవన నిబంధనలు (జీవో 168) మున్సిపల్ అధికారులకు ఇచ్చాయి. మీరు క్యాబ్ మీద ఫిర్యాదు చేసిన మర్నాడే ఎదురింటాయన టౌన్ ప్లానింగ్ ఆఫీసులో మీ షట్టర్ ఫొటో ఇస్తే ఏం చెబుతారు? టైలర్‌కి కాస్త గడువిచ్చి ఖాళీ చేయించండి, మీ కారు లోపల పెట్టుకోండి. రాళ్ళు, కుండీలు మాత్రం గడువు లేకుండా ఈ రోజే లోపలికి తెచ్చుకోండి, ఫొటోలు ఆ తర్వాత తీయండి.