చిప్పు మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ పంపిన ఫోటో చూశాను. గరాజ్‌లో పీడీపీ-11/34, ఆ పాతకాలపు మినీకంప్యూటర్, పక్కనే వేడెక్కుతున్న సోల్డరింగ్ ఐరన్. మెషీన్‌ని చూసి ప్రాణం లేచొచ్చింది, ఐరన్‌ని చూసి గుండె గుభేలుమంది. ముందు దాని ప్లగ్గు పీకెయ్.

నడుస్తూ నడుస్తూ పేరిటీ ఎర్రర్ (మెమరీలోంచి చదివిన డేటా తన తనిఖీ బిట్‌తో సరిపోకపోవడం) వచ్చి 114కి ట్రాప్ అవుతోందనీ, అంటే ప్రోగ్రామ్ ఆగి ఆ తప్పుకి కేటాయించిన అడ్రస్‌కి మళ్లుతోందనీ, అందుకని ఇరవై 4116 మెమరీ చిప్పులు తెప్పించాననీ రాశావు. నీ ఎం7891 మెమరీ బోర్డు మీద చిప్పులు బ్యాంకులుగా, అంటే జట్లుగా ఉంటాయి: బ్యాంకుకి 18 చొప్పున 8 బ్యాంకులు, మొత్తం 144 చిప్పులు. పద్దెనిమిదిలో పదహారు డేటాకి, రెండు పేరిటీకి. చేతిలో ఇరవై పెట్టుకుని ఎక్కడని మొదలుపెడతావురా? తప్పు ఎక్కడుందో మెషీనే చెబుతుంది, అడగడం తెలియాలి అంతే.

అన్నిటికంటే ముందు కరెంటు సంగతి. 4116కి మూడు వోల్టేజీలు కావాలి: +12, +5, -5. ఇందులో -5 అందరికంటే ముందు రావాలి, అందరికంటే చివర పోవాలి. అది లేకుండా +12 తగిలితే చిప్పులు వరసపెట్టి పోతాయి. కొలిచేటప్పుడు మామూలు టీటీఎల్ (లాజిక్) చిప్పు అలవాటులో 8వ పిన్నుకి గ్రౌండ్ క్లిప్పు తగిలించావనుకో, కొంప మునిగినట్టే, ఎందుకంటే ఇక్కడ 8 మీద ఉండేది +12. గ్రౌండ్ 16వ పిన్ను. 1 మీద -5, 9 మీద +5. ఈ నాలుగంకెలూ కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపుకి అంటించు. నేనూ అలాగే అంటించుకునేవాణ్ణి. పవర్ ఇవ్వక ముందే ప్రతి లైనుకీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూడు. ఇన్నేళ్ల టాంటలం కెపాసిటర్లని నమ్మడానికి లేదు, అవి షార్ట్ అవడం మామూలే.

బోర్డు తీసేది, పెట్టేది పవర్ ఆపాకే. అంచు కాంటాక్టుల్ని మేము పెన్సిల్ రబ్బరుతో రుద్దేవాళ్లం. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది, బంగారం పూత లేచిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ చాలు. మీ మిన్నెసోటాలో చలికాలం హీటరు గాలి పొడిగా ఉంటుంది కదా, కార్పెట్ మీద నడిచొచ్చి బోర్డు ముట్టుకోకు. చేతికి స్టాటిక్ పట్టీ కట్టుకో. తీసిన బోర్డుని తిరిగి అదే స్లాట్‌లో పెట్టు. మామూలు యూనిబస్ (బోర్డులన్నిటినీ కలిపే లైన్ల వరస) స్లాట్‌కీ, మార్పు చేసిన యూనిబస్ స్లాట్‌కీ పిన్నుల మీద వచ్చే వోల్టేజీలు వేరు. బోర్డు లేకుండా ఆన్ చేయాల్సి వస్తే ఆ ఖాళీలో గ్రాంట్ కార్డు పెట్టు, లేకపోతే స్లాట్ నుంచి స్లాట్‌కి సాగే గ్రాంట్ (యూనిబస్ వాడుకునే అనుమతి) సిగ్నల్ గొలుసు తెగి మెషీన్ మొత్తం మొరాయిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ముందు ప్యానెల్ మీద అంకెల కీలున్నాయి, ఆరంకెల డిస్‌ప్లే ఉంది. నీ బోర్డు సున్నా అడ్రస్ నుంచి మొదలవుతుంది కాబట్టి, ఆక్టల్ (0 నుంచి 7 అంకెలతోనే రాసే) అడ్రస్‌లో మొదటి అంకే బ్యాంకు నంబరు. 001000లో 000000 డిపాజిట్ చేసి, అంటే కీలతో ఆ విలువ రాసి, మళ్లీ చూడు. తర్వాత 177777 పెట్టి చూడు. 101000, 201000, అలా 701000 దాకా వెళ్లు. సున్నా పెట్టిన చోట 000400 వచ్చిందంటే 8వ బిట్ ఒకటి దగ్గర ఇరుక్కుంది. 177777 పెడితే 177377 వచ్చిందంటే అదే బిట్ సున్నా దగ్గర ఇరుక్కుంది. ఒకే బ్యాంకులో ఒకే బిట్ తప్పితే ఆ చిప్పునే అనుమానించు. బ్యాంకులో అన్ని బిట్లూ తప్పితే చిప్పులు కాదు, ఆ బ్యాంకుని ఎంచే సిగ్నల్. అసలు డేటానే రాకుండా ప్రోగ్రామ్ 4కి ట్రాప్ అయితే ఆ అడ్రస్‌కి బోర్డు పలకడమే లేదు, అడ్రస్ స్విచ్‌లు చూసుకో.

మరి ఒకే బిట్ అన్ని బ్యాంకుల్లోనూ తప్పితే? దీని దగ్గరే నా పరువు పోయింది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, మే నెల, మర్నాడు వాళ్లకి జీతాల బిల్లులు ప్రింట్ కావాలి. సున్నా బ్యాంకులో 8వ బిట్ తప్పు. చిప్పు మార్చాను, పోలేదు. కొత్త చిప్పే చెడ్డదనుకుని మళ్లీ మార్చాను. మూడోసారికి బోర్డు మీది రాగి ప్యాడ్ లేచి ఐరన్ మొనకి అంటుకుని వచ్చింది. అప్పుడు మా సీనియర్ వచ్చి, నన్ను ఒక్క మాట అనకుండా, 101000 కొట్టి చూపించారు. అక్కడా అదే బిట్. 201000లోనూ అదే. తప్పు ఆ బిట్‌ని యూనిబస్‌కి కలిపే ట్రాన్సీవర్ చిప్పుది, బ్యాంకులన్నిటికీ అదొక్కటే. దాన్ని మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది, నేను లేపిన ప్యాడ్‌కి సన్న తీగ అతికించడానికి తెల్లారింది.

నీది ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పు కాబట్టి ఇంకాస్త ఓపిక కావాలి. విలువ పెట్టి, వెంటనే చూస్తే సరిగ్గా ఉండి, నిమిషం ఆగి చూస్తే మారిపోయిందనుకో, రిఫ్రెష్ మీద కన్నెయ్. 4116లో 128 వరసల్నీ రెండు మిల్లీసెకన్లకోసారి పలకరించాలి, లేకపోతే మర్చిపోతుంది. అరగంట నడిచాకే తప్పు వస్తోందంటే ముందు ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడు. ఆ తర్వాతే హెయిర్ డ్రయ్యర్‌తో చిప్పుల్ని వేడి చేసి చూడు, అదీ దూరం నుంచి.

చివరికి చిప్పే అని తేలితే దాన్ని కాపాడాలని చూడకు, బోర్డుని కాపాడు. కటర్‌తో కాళ్లన్నీ కత్తిరించి, ఒక్కో కాలు విడిగా వేడి చేసి లాగు, రంధ్రం శుభ్రం చేసి సాకెట్ పెట్టు.

ఈ శనివారం ఎనిమిది బ్యాంకుల రీడింగులూ, మూడు వోల్టేజీలూ కాగితం మీద రాసి ఫోటో పంపు. అప్పటిదాకా ఆ ఇరవై చిప్పులూ కవర్‌లోనే ఉండనీ.

ఆశీస్సులతో,
మామయ్య